ఇంటిలోని కంప్యూటరు తన పేరు తానే మార్చుకొనుట: కారణములు, నివారణ

మన సభ్యుల ఇండ్ల నుండి సంఘము ఆఫీసునకు వచ్చు ప్రశ్నలలో ఒకటి ఇటీవల పలుమారు వచ్చుచున్నది. "కంప్యూటరుకు 'నమూనా' అని పేరు పెట్టినాము. కొన్ని దినములకు చూడగా 'నమూనా (2)' అని ఉన్నది. దిద్దినాము. మరల 'నమూనా (3)' అయినది. మేమెవ్వరమూ ముట్టలేదు. బయటివారెవరైనా చొరబడినారా? వైరసు పట్టినదా?" అని అడుగుచున్నారు. ఒక ఇంటి పెద్దావిడ, యంత్రమునకు దిష్టి తగిలినదని నిమ్మకాయ కూడ కట్టించినదట. నిమ్మకాయ వలన నష్టమేమియు లేదు గాని, ఈ మార్పునకు కారణము వేరు. సాధారణముగా ఇందులో దొంగల పని గాని, వైరసు పని గాని లేదు. యంత్రము తన పద్ధతి ప్రకారము తాను నడచుచు, తనకు వినబడిన ఒక జవాబును చూచి పొరపాటు పడుచున్నది. ఆ జవాబు ఎక్కడనుండి వచ్చినదో కనుగొనినచో పని తీరును. కనుగొనక, పేరు మాత్రము దిద్దుచు పోయినచో సంవత్సరమంతయు దిద్దవలసినదే.

"పేరే గదా, 2 ఉన్న నేమి, 3 ఉన్న నేమి" అని ఊరకుండువారును కలరు. వారి కొరకు ఒక సంగతి చెప్పవలెను. మన సభ్యులలో ఒకరి ఇంటిలో మేడమీద డిజైనులు వేయు కంప్యూటరు, క్రింద బిల్లుల కంప్యూటరు ఉన్నవి. ఆయన మేడమీద అంచులు, కొంగులు, బుటాలు గీయును. ఆయన భార్య క్రింద బిల్లులు, జి.ఎస్.టి. లెక్కలు చూచును. ప్రతి రాత్రియు మేడమీది డిజైనులకు ఒక నకలు క్రింది కంప్యూటరులోనికి పోవునట్లు ఏర్పాటు చేసికొనిరి. ఏర్పాటు మంచిదే. కాని ఆ నకలు క్రింది కంప్యూటరును దాని పేరును బట్టి వెదకికొని పోవును. ఒకనాడు క్రింది యంత్రము తన పేరు ప్రక్కన 2 చేర్చుకొన్నది. ఆ రాత్రి నుండి నకలు పోలేదు. తెర మూలన చిన్న అక్షరములతో వచ్చిన హెచ్చరికను ఎవరును చదువలేదు. అయిదు నెలలు గడచిన పిమ్మట మేడమీది యంత్రము డిస్కు చెడిపోయినది. పాత డిజైనులకు అట్టలు గుద్ది ఉన్నవి గనుక అవి దక్కినవి. కొత్త జాకార్డు వచ్చినది మొదలు అట్టలు గుద్దుట మానినారు గనుక ఆ అయిదు నెలల డిజైనులలో పెన్‌డ్రైవు మీద మిగిలినవి రెండే. పెండ్లి చీరెల ఆర్డరు ఒకటి చేతిలో ఉండగా మరల మొదటినుండి గీయవలసి వచ్చినది. అంతవరకు మగ్గము సాదా అంచుతో నడచినది.

కనుక పేరు చిన్న సంగతి కాదు. బిల్లుల ఫోల్డరు తెరచుకొనకుండుట, ప్రింటరు "కనబడలేదు" అనుట, ఫోనునుండి పంపిన కాగితము అచ్చు కాకుండుట, వీటిలో చాలవరకు ఈ పేరు మార్పునుండియే పుట్టును.

యంత్రమునకు పేరు ఎట్లు నిలుచును

మన సంఘము సభ్యత్వ రిజిస్టరును తలచుకొనుడు. ప్రతి సభ్యునికి ఒక నంబరు, ఒక పేరు, ఒక డోరు నంబరు ఉండును. కంప్యూటరుకును ఈ మూడును కలవు. సభ్యత్వ నంబరు వంటిది కర్మాగారములోనే వైఫై చిప్పు మీదనో, కేబులు సాకెట్టు చిప్పు మీదనో వేయబడిన 12 అక్షరముల నంబరు. డోరు నంబరు వంటిది ఇంటిలోని రౌటరు ఇచ్చునది, 192.168.1.5 అన్నట్లు ఉండును. ఇది శాశ్వతము కాదు. రౌటరు దీనిని కొంత గడువునకు మాత్రమే ఇచ్చును. గడువు తీరినను, కరెంటు పోయి వచ్చినను వేరొక నంబరు రావచ్చును. మూడవది మనము పెట్టిన పేరు. మనుష్యులకు నంబర్లు జ్ఞాపకముండవు గనుక పేరు. ఫోల్డరులు, ప్రింటరులు, నకళ్ళు అన్నియు ఆ పేరును పట్టుకొనియే నడచును.

పెద్ద ఆఫీసులలో పేర్లకు ఒక చిట్టా ఉండును. ఏ పేరుగల యంత్రము ఏ నంబరులో ఉన్నదో ఒక ప్రత్యేకమైన కంప్యూటరు వ్రాసి పెట్టుకొనును. మన ఇండ్లలో అట్టి గుమాస్తా లేడు. రెండు కంప్యూటరులు, ఒక ప్రింటరు, నాలుగు ఫోనులు ఉన్న ఇంటికి గుమాస్తాను పెట్టుకొనువారెవరు? కనుక యంత్రములు తమలో తామే సర్దుకొనవలెను. ఈ సర్దుబాటు పద్ధతిని ఆపిల్ కంపెనీ 2002లో తన మ్యాకు కంప్యూటరులలో ప్రవేశపెట్టినది. అప్పుడు దానికి రాందేవూ అని పేరు. 2005లో బాంజూర్ అని మార్చిరి. పేర్లు నిలుపుటకు పుట్టిన పద్ధతికే పేరు మార్చవలసి వచ్చినది! తరువాత స్టూవర్ట్ చెషైర్, మార్క్ క్రోక్మల్ అను ఇద్దరు ఆపిల్ ఇంజనీర్లు దీని నిబంధనలను వ్రాయగా, 2013 ఫిబ్రవరిలో ఇంటర్నెట్టు ప్రమాణముల సంస్థ వానిని 6762వ నంబరు పత్రముగా ప్రకటించినది. ఆపిల్ యంత్రములే గాక లైనక్సు యంత్రములు, నేటి ప్రింటరులలో చాల భాగము ఈ పద్ధతినే అనుసరించుచున్నవి.

పద్ధతి ఇట్లుండును. యంత్రము మేలుకొనగానే ఇంటిలోని యంత్రములన్నిటికి వినబడునట్లు ఒక కేక వేయును: "నమూనా అను పేరు ఎవరైనా వాడుచున్నారా?" సెకండులో నాలుగవ వంతు ఆగి మరల అడుగును. ఇట్లు మూడు మారులు అడుగును. జవాబు రానిచో "ఆ పేరు ఇకమీదట నాది, నా నంబరు ఇది" అని కనీసము రెండు మారులు చాటును. "ఆ పేరు నాది" అని ఎవరైనా అన్నచో వాదమునకు దిగక, తన పేరు ప్రక్కన 2 చేర్చుకొని మరల మొదటినుండి అడుగును. 2 కూడ ఉన్నదన్నచో 3.

మన పేటలలో జరుగునదియు ఇదియే గదా. వీధికి ముగ్గురు శ్రీనివాసులు ఉన్నచోట తరువాత వచ్చినవాడు చిన్న శ్రీను అగును, ఇంకొకడు మేడింటి శ్రీను అగును. ఇందులో తప్పేమియు లేదు. నిజముగా ఇద్దరున్నప్పుడు ఒకరు తగ్గవలసినదే.

తన కేకకు తానే బెదరుట

చిక్కు ఎక్కడనగా, ఇంటిలో ఆ పేరుగలది ఒక్కటే యంత్రము ఉన్నను పేరు మారుచున్నది. జవాబు చెప్పినదెవరు?

ఒకడు బావి గట్టున నిలుచుండి "ఇక్కడ నరసింహమెవరైనా ఉన్నాడా?" అని కేక వేసినాడనుకొనుడు. బావిలోనుండి "నరసింహము..." అని మారుమ్రోగినది. అయ్యో, నరసింహము ఇదివరకే ఒకడున్నాడని తలచి, "అట్లయిన నేను రెండవ నరసింహము" అని పేరు మార్చుకొని వెళ్ళినాడు. మరునాడు వచ్చి "రెండవ నరసింహము ఉన్నాడా?" అని అడిగినాడు. బావి అదియు పలికినది. ఇక మూడవ నరసింహము కాక తప్పునా? మన యంత్రమునకు జరుగుచున్నది ఇదియే.

యంత్రము అంత తెలివితక్కువది కాదు. తన ప్రకటనే తనకు తిరిగి వచ్చినప్పుడు, పేరుతో పాటు నంబరును కూడ చూచును. పేరును, నంబరును రెండును సరిపోయినచో తానే అని గుర్తించి ఊరకుండును. పేరు ఒకటియై నంబరు వేరైనచో మాత్రము వేరొకరు అని నిర్ణయించుకొనును. రిజిస్టరులో ఒకే పేరునకు రెండు డోరు నంబర్లు కనబడినప్పుడు మనమును ఇద్దరు మనుష్యులనియే గదా అనుకొందుము. కావున ఈ చిక్కునకు మూలము వెదకుట యనగా, ఒకే యంత్రము పేరు రెండు నంబర్లతో ఎట్లు వినబడుచున్నది అని వెదకుటయే. దీనిని మనసులో ఉంచుకొన్నచో తక్కినదంతయు సులభము.

మొదటి దారి: ఒకే కంప్యూటరు కేబులుతోను, వైఫైతోను ఏకకాలమున రౌటరుకు తగిలియుండుట. కేబులు దారిన దాని నంబరు 5, వైఫై దారిన 9 అనుకొనుడు. 5 వేసిన ప్రకటన రౌటరు గుండా తిరిగి 9 చెవిన పడును. సరియైన రౌటరుతో యంత్రము దీనిని సర్దుకొనును గాని, కొన్ని రౌటరులు ఆలస్యముగానో, అస్తవ్యస్తముగానో త్రిప్పి పంపును. అప్పుడు పొరపాటు జరుగును. ఒళ్లో కంప్యూటరును బల్లమీదికి తెచ్చి కేబులు తగిలించు ఇండ్లలో ఇది ఎక్కువ.

రెండవది వైఫై అందని గదులకు పెట్టు పెంపు పెట్టెలు. మగ్గాల గది వెనుకనో, పెరటిలోనో ఉండును, గోడలు మందము, అక్కడికి వైఫై అందుటకు ఒక చిన్న పెట్టెను ప్లగ్గులో పెట్టుదురు. వీనిలో కొన్ని ఒక ప్రక్క విన్నదానిని రెండవ ప్రక్క చెప్పుట వరకు ఆగక, విన్న జవాబులను దాచి ఉంచి తరువాత కూడ వినిపించును. ఆ లోగా కంప్యూటరు నంబరు మారినచో పాత నంబరుతో పాత పేరు పలుకుచునే ఉండును. నా మట్టుకు, ఒక ఇంటిలో ఈ ఫిర్యాదు ఉన్నదనగానే మొదట అడుగునది ఈ పెట్టె సంగతియే.

మూడవది నిద్రపోవు యంత్రమునకు బదులు పలుకు యంత్రము. దీనికి కొంచెము వివరము కావలెను. 2009 నుండి మ్యాకు కంప్యూటరులకు ఒక సౌకర్యము ఉన్నది. కంప్యూటరు నిద్రకు పోవుచు, ఇంటిలో సదా మేలుకొనియుండు మరియొక ఆపిల్ పరికరమునకు, ఉదాహరణకు టెలివిజనుకు తగిలించు ఆపిల్ టీవీ పెట్టెకు, "నన్నెవరైనా అడిగినచో ఉన్నానని చెప్పుము, అవసరమైన లేపుము" అని అప్పగించి పోవును. సౌకర్యముగా బాగుగనే ఉన్నది. కాని కంప్యూటరు మేలుకొని, రౌటరు దగ్గర కొత్త నంబరు పొంది, తన పేరు అడుగునప్పటికి, కాపలా పెట్టె పాత నంబరుతో "ఆ పేరుగలవారు ఉన్నారు" అని చెప్పవచ్చును. ఇంటి యజమాని ఊరినుండి వచ్చి తలుపు తట్టగా, కాపలావాడు "యజమాని పేరుగల వేరొకరు ఇదివరకే ఉన్నారండీ" అన్నట్లు.

నాలుగవది కరెంటు. కరెంటు పోయి వచ్చినప్పుడు అన్ని యంత్రములు ఒక్కసారి లేచును. రౌటరు పూర్తిగా లేచుటకు రెండు మూడు నిమిషములు పట్టవచ్చును. కంప్యూటరు అంతకు ముందే లేచి, నంబరు ఇచ్చువారు లేక, 169.254 తో మొదలగు ఒక తాత్కాలిక నంబరు తానే పెట్టుకొనును. తరువాత రౌటరు ఇచ్చిన అసలు నంబరునకు మారును. ఇట్లు నిమిషము వ్యవధిలో రెండు నంబర్లు మారిన ఇంటిలో పైన చెప్పిన మూడు చిక్కులును బలపడును.

ఇవి గాక నిజమైన సమాన నామధేయులు ఉండవచ్చును. పాత కంప్యూటరు నుండి కొత్తదానికి సమస్తము దింపుకొన్నప్పుడు పేరు కూడ దిగును. పాతదానిని తమ్మునికిచ్చి అదే ఇంటిలో ఉంచినచో రెండును ఒకే పేరుతో నిలుచును. ఇక్కడ యంత్రము చేసినది న్యాయమే. ఒకదానికి వేరే పేరు పెట్టుటయే మందు.

తప్పు ఎల్లప్పుడును మన ఇంటిది కాదని కూడ చెప్పవలెను. 2014 అక్టోబరులో ఆపిల్ కంపెనీ యోసెమిటీ అను తన సాఫ్ట్‌వేరులో ఈ పేర్ల పని చూచు భాగమును తీసి కొత్త భాగము పెట్టినది. ఆ మీదట పలు దేశములలో కంప్యూటరులు 2, 3 చేర్చుకొనుచున్నవని ఫిర్యాదులు వచ్చినవి. 2015 జూనులో కంపెనీ ఆ కొత్త భాగమును తీసి పాతదానినే తిరిగి పెట్టినది. కనుక సాఫ్ట్‌వేరును నవీకరించుకొనుట మానరాదు.

మ్యాకు కాని యంత్రములలో

విండోసు యంత్రములు ఈ తీరున 2, 3 చేర్చుకొనవు. ఒకే పేరుగల రెండు విండోసు యంత్రములు కలిసినప్పుడు, రెండవది "ఈ పేరు నెట్‌వర్కులో ఇదివరకే ఉన్నది" అని హెచ్చరించి, ఆ పేరుతో అందుబాటులో లేకుండ నిలుచును. ఒక డిస్కును అచ్చముగా నకలు తీసి రెండవ కంప్యూటరులో వేసినచో ఇది తప్పక జరుగును. విండోసులో పేరు తనంతట మారినట్లు కనబడునది వేరొక సందర్భము: రిపేరు షాపువారు విండోసును తీసి మరల ఎక్కించినప్పుడు. అప్పుడు అది డెస్క్‌టాప్ అను మాట, ఒక చిన్న గీత, ఏడు అక్షరముల పొడి కలిపి 15 అక్షరముల కొత్త పేరు తానే పెట్టుకొనును. షాపునుండి యంత్రము రాగానే పాత పేరు పెట్టి, ఒకమారు ఆపి లేపినచో ఫోల్డరులను పేరుతో వెదకి కనుగొనుటకు వీలగును. ఫోల్డరులను ఇతరులు చూచుటకు ఇచ్చిన అనుమతులు మాత్రము మరల ఇవ్వవలసి యుండును.

లైనక్సు యంత్రము గీత పెట్టి 2 చేర్చుకొనును గాని దానిని వ్రాసి దాచుకొనదు. ఆపి లేపినచో పాత పేరుతోనే మొదలిడును. మ్యాకు మాత్రము మారిన పేరునే తన పేరుగా వ్రాసికొనును. అందుచేతనే అది పైకి పోవుటే గాని క్రిందికి దిగదు.

ప్రింటరులును ఇదే జాతి. ప్రింటరు (2) అయినప్పుడు ఫోను పాత పేరుగల ప్రింటరు కొరకు వెదకుచు "ఆఫ్‌లైను" అని చెప్పును. ప్రింటరు చెడిపోయినదని షాపునకు మోసికొని పోవుటకు ముందు, ఫోనులో ఉన్న పాత పేరును తీసివేసి, మరల వెదకి చేర్చి చూడవలెను.

రౌటరు పట్టికలో ఒకే ఫోను మూడు నాలుగు మారులు కనబడుటను కూడ కొందరు ఈ చిక్కుతో కలిపి భయపడుచున్నారు. అది వేరు. 2020 నుండి ఐఫోనులును, 2024లో వచ్చిన సెకోయా మొదలు మ్యాకులును, బయటివారు జాడ తీయకుండుటకు, సభ్యత్వ నంబరు వంటి ఆ 12 అక్షరముల నంబరునకు బదులు ఒక మారు నంబరు చెప్పును. ఆ మారు నంబరు ఎప్పటికప్పుడు మారుచుండునట్లు ఏర్పాటుండినచో రౌటరు ప్రతిమారును కొత్త మనిషి వచ్చినాడనుకొనును. బజారులో, రైలు స్టేషనులో ఇది మంచి రక్షణ. మన ఇంటి వైఫై వరకు, కదలక ఉండు కంప్యూటరుకు దీనిని "స్థిరము" అను ఏర్పాటునకు మార్చుకొనవచ్చును.

వెదకి దిద్దు క్రమము

మొట్టమొదట పేరును దిద్దవద్దు. ఒక వారము ఊరక గమనించి, ఎప్పుడు మారినదో కాగితము మీద వ్రాయుడు. ప్రొద్దున నిద్ర లేపినప్పుడా? కరెంటు వచ్చిన తరువాతా? కేబులు పెట్టినప్పుడా? ఈ మూడింటిలో ఏదో తెలిసినచో సగము పని అయినది.

తరువాత ఒక పరీక్ష. పేరు మారిన కంప్యూటరును పూర్తిగా ఆపివేయుడు. నిద్రపుచ్చుట కాదు, ఆపివేయుట. మూడు నిమిషములు ఆగుడు. ఈ పేర్ల సంగతిని తక్కిన యంత్రములు రెండు నిమిషములు జ్ఞాపకముంచుకొనునట్లు నిబంధన కలదు గనుక అంతకంటె ముందు చూచుట వ్యర్థము. అటు పిమ్మట వేరొక కంప్యూటరులో పింగ్ అను ఆజ్ఞతో పాత పేరును పిలిచి చూడుడు. పేరు చివర చుక్క పెట్టి లోకల్ అని చేర్చవలెను. యంత్రము ఆగియున్నను ఆ పేరు పలికినచో, పలుకునది వేరొకటి. అది నిజముగా అదే పేరుగల రెండవ కంప్యూటరో, కాపలా పెట్టెయో, పెంపు పెట్టెయో అయి యుండును. ఒక్కొక్కదానినే ప్లగ్గు తీయుచు, ప్రతిమారును మూడు నిమిషములు ఆగి పిలువుడు. ఏది తీయగా పలుకుట ఆగినదో అదియే కారణము. తెరమీది పట్టికలో పేరు కనబడుటను మాత్రము సాక్ష్యముగా తీసికొనవద్దు. అట్టి పట్టికల సమాచారము 75 నిమిషములు వరకు నిలిచియుండవచ్చును.

ఆపగానే ఏదియు పలుకనిచో, కంప్యూటరు తన కేకనే వినుచున్నదని ఊహింపవలెను. కేబులు ఉన్నచో వైఫైని కట్టివేయుడు. లేదా కేబులు తీసివేయుడు. రెండు దారులు వద్దు, ఒకటి చాలును. ఒక్క వారము అట్లు నడిపి చూడుడు. నేను చూచిన ఇండ్లలో దీనితోనే నయమైనవి తక్కువ కాదు.

నిద్ర లేచినప్పుడే మారుచున్నచో, మ్యాకు సెట్టింగులలో "నెట్‌వర్కు పిలిచినప్పుడు మేలుకొనుట" అను అర్థము వచ్చు మీట ఉండును, దానిని ఆపుడు. నకలు అర్ధరాత్రి పోవునట్లు ఏర్పాటు ఉన్నవారు జాగ్రత్త: ఈ మీట ఆపినచో నిద్రలో ఉన్న యంత్రము లేవదు, నకలు పోదు. అట్టివారు నకలు సమయమును రాత్రి భోజనముల వేళకు, యంత్రము మేలుకొనియుండు వేళకు, మార్చుకొనవలెను.

కరెంటుతో వచ్చు చిక్కునకు మందు రౌటరుకు చిన్న బ్యాటరీ పెట్టుట. కంప్యూటరుకు యు.పి.ఎస్. పెట్టి రౌటరును గోడ ప్లగ్గులో విడిచిన ఇండ్లు చాల ఉన్నవి. రౌటరుకు కావలసిన కరెంటు స్వల్పము, అదే యు.పి.ఎస్. దానికిని చాలును. అంతతో పాటు రౌటరు సెట్టింగులలో ప్రతి కంప్యూటరుకు, ప్రింటరుకు ఒక స్థిరమైన నంబరు కేటాయించుడు. దీనికి రిజర్వేషను అని పేరు. నంబరే మారనిచో పేరు ఒకటి నంబరు రెండు అను తగవునకు తావుండదు. నా అభిప్రాయములో పైవన్నిటిలో ఎక్కువ కాలము ఉపకరించునది ఇదియే. అయితే రౌటరు ఆ 12 అక్షరముల నంబరును బట్టియే స్థానము కేటాయించును గనుక, పైన చెప్పిన మారు నంబరును ముందుగా స్థిరపరచవలెను.

టెలిఫోను కంపెనీవారు ఇచ్చిన పెట్టె ఒకటి, మనము కొన్న రౌటరు మరియొకటి, రెండును నంబర్లు పంచుచున్న ఇండ్లలో ఒక యంత్రము ఈ పెట్టె క్రింద, ఒక యంత్రము ఆ పెట్టె క్రింద పడి ఒకదానికొకటి కనబడవు. ఇది పేరు మార్పు కాదు, మాయమగుట. రెండవదానిని వైఫై వెలువరించు పెట్టెగా మాత్రమే పని చేయునట్లు మార్పించుడు. అతిథుల వైఫైకి తగిలిన యంత్రము కూడ ఇట్లే కనబడకుండ పోవును.

కారణము తొలగిన తరువాత, అప్పుడు పేరు దిద్దవలెను. అన్ని యంత్రములను ఆపి, రౌటరును, పెంపు పెట్టెను తీసి పెట్టి, మొదట రౌటరును లేపి మూడు నిమిషములు ఆగి, తక్కినవాటిని ఒకటొకటిగా లేపి, పేరు మార్చుడు. మ్యాకులో పేరు రెండు చోట్ల ఉండును: సెట్టింగులలో జనరల్ క్రింద అబౌట్ అనుచోట ఒకటి, షేరింగ్ అనుచోట అడుగున ఉండు లోకల్ పేరు రెండవది. ఒకటి దిద్ది రెండవది మరచినవారు చాలమంది. విండోసులో సెట్టింగులలో సిస్టమ్ క్రింద అబౌట్ అనుచోట దిద్దవచ్చును.

పేరు 15 అక్షరములకు మించకుండ, ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, చిన్న గీత మాత్రము వాడి పెట్టుట మేలు. మన పిల్లలు బడిలో మరాఠీయో, తమిళమో, కన్నడమో, ఒడియాయో చదువుచు ఇంట తెలుగు మాటలాడుదురు గనుక, తెలుగు లిపిలో పేరు పెట్టవలెనని కొందరికి ముచ్చట. మ్యాకు పై పేరుగా దానిని అంగీకరించును గాని లోకల్ పేరునకు ఇంగ్లీషు అక్షరములే కావలెను. తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరములతో వ్రాసినచో ముచ్చట తీరును, పని నడచును. ఇంటివారి పేర్లు పెట్టవద్దు. యంత్రము చేతులు మారినప్పుడు చిక్కు. మేడ, అంగడి, బిల్లులు అన్నట్లు చోటును బట్టియో, పనిని బట్టియో పెట్టుడు.

చివరకు, పేరు దిద్దిన రాత్రి నకలు పోయినదో లేదో చూడవలెను. "అయినది" అను మాటను నమ్మి విడువక, మరునాటి ఉదయము నకలు చేరిన కంప్యూటరు దగ్గర కూర్చుండి, నిన్న వేసిన డిజైను ఒకటి తెరచి, అంచు గళ్లు, రంగులు సరిగా వచ్చినవో లేవో కంటితో చూడుడు. నెలకొకమారు, నూలు లెక్క చూచుకొను దినముననే, ఇదియు చూచునట్లు పెట్టుకొన్నచో మరపు రాదు.